ఇంట్లో చెప్పని టీకా

మా సబ్జెక్టుకు పుస్తకంలో ఉన్న పేరు సామాజిక వైద్యం. పిల్లలు పెట్టిన పేరు దోమల సబ్జెక్టు. గుండెలు కోయాలని, మెదడు లోపల చూడాలని కలలు కంటూ మెడికల్ కాలేజీలో చేరినవాళ్లకు మురుగుకాలవల గురించీ, తాగేనీళ్లలో కలిపే బ్లీచింగ్ పొడి గురించీ, ఏ నెల బిడ్డకు ఏ టీకా వేయాలనే దాని గురించీ చెప్పే మనిషిని నేను. అది కూడా మధ్యాహ్నం భోజనాలయ్యాక. ముందు రెండు వరసలవాళ్లు వింటున్నట్టు నటించేవాళ్లు. వెనక వరసలవాళ్లకు ఆ శ్రమ కూడా ఉండేది కాదు. తిరుపతిలో నా ఉద్యోగమంతా అలాగే గడిచింది. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతాననగా కరోనా వచ్చి, ఉన్నట్టుండి నన్ను అందరికీ కావలసినదాన్ని చేసింది. అంతకుముందు నమస్కారం పెట్టడానికి కూడా తీరిక లేని గుండె డాక్టర్లు వరండాలో ఆపి, ఇది ఎప్పటికి తగ్గుతుంది మేడమ్ అని అడిగేవాళ్లు. నాకేం తెలుసు? తెలిసినట్టు తలాడించి వచ్చేసేదాన్ని.

ఇప్పుడు మెడిసిన్ చదువుతున్న పిల్లలకు అదంతా పాత కథ. మీరప్పుడు ఇళ్లలో కూర్చుని, ఫోనులో పాఠం వింటున్నామని అమ్మానాన్నలను నమ్మించే పనిలో ఉన్నారు. మీకంటే కొన్నేళ్ల ముందు ఆ బెంచీల మీద కూర్చున్న ఒక అమ్మాయి గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను. టీకా విషయంలో ఆమె ఏ తప్పూ చేయలేదు. తప్పు ఇంకోచోట జరిగింది.

నాకు పేర్లు గుర్తుండవు. అందుకని పిల్లలను వాళ్ల ఊళ్ల పేర్లతో పిలిచేదాన్ని. పీలేరూ, లేచి నిలబడు. కుప్పం, నిద్రపోకు. వాళ్లకూ అది అలవాటైపోయి, ఒకరినొకరు అలాగే పిలుచుకునేవాళ్లు. ఆ అమ్మాయి నగరి. సన్నగా, నల్లగా, నోట్లో నాలుక లేనట్టు ఉండేది. క్లాసులో ఒక్క మాట మాట్లాడేది కాదు. క్లాసయ్యాక మాత్రం నా వెనకే వరండాలోకి వచ్చి ఒక సందేహం అడిగేది. అది ఎప్పుడూ అసలైన సందేహమే అయ్యేది.

వాళ్ల నాన్న నగరిలో మరమగ్గాల మీద పని చేసేవాడు. సొంత మగ్గాలు కావు, కూలికే. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం బస్సెక్కి కూతురిని చూడటానికి వచ్చేవాడు. ఒకసారి సోమవారం కూడా ఉండిపోయి, మా డిపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. చెప్పులు వేసుకునే రమ్మంటే వినలేదు. మా పాప బాగా సదువుతాండాదా మేడమ్ అని అడిగాడు. నా సబ్జెక్టు తప్ప అన్నీ బాగా చదువుతోంది అన్నాను. వేళాకోళానికి అన్న మాట. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ సంవత్సరం మా సబ్జెక్టులో మొదటి మార్కు ఆ అమ్మాయికే వచ్చింది. తర్వాత అడిగితే, నాయన రోజూ సాయంత్రం ఫోను చేసి మేడమ్ సబ్జెక్టు సదివినావా అని అడిగేవాడని చెప్పింది. ఆయనతో వేళాకోళం ఆడకూడదని అప్పుడు తెలిసింది. ఏ మాట చెప్పినా నిజమనే తీసుకునే మనిషి.

సంక్రాంతి దాటాక టీకా వచ్చింది. ముందు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకూ, మెడిసిన్ చదివే పిల్లలకూ అన్నారు. మా లెక్చర్ హాల్లో బెంచీలన్నీ ఒక పక్కకు జరిపి, టీకా గది చేశాం. దేశంలో అందరికంటే ముందు దొరుకుతోంది కదా, పిల్లలు తోసుకుంటూ వస్తారని గేటు దగ్గర ఒక మనిషిని కూడా పెట్టాను. మొదటిరోజు ఆ మనిషికి పనే లేకపోయింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు తయారయ్యారు మా పిల్లలు. ఊళ్లో వాళ్లకు టీకా గొప్పతనం గురించి పోస్టర్లు వేసినవాళ్లే, తమ భుజం దగ్గరికి వచ్చేసరికి పరిశోధన ఇంకా పూర్తి కాలేదనేవాళ్లు. మూడో దశ ప్రయోగాల ఫలితాలేవీ అని నన్నే అడిగేవాళ్లు. ఫైనలియర్ వాళ్లకు ఇంకో భయం. పరీక్ష హాలు గుమ్మంలో నుదుటికి తుపాకీ లాంటిది పెట్టి జ్వరం చూసేవాళ్లు. టీకా వేసుకుంటే జ్వరం వస్తుంది, జ్వరం వస్తే హాల్లోకి రానివ్వరు, ఒక సంవత్సరం పోతుంది. కుప్పం కుర్రాడు మరీ ధైర్యంగా, మీరు వేసుకోండి మేడమ్, ఒక పదిరోజులు మిమ్మల్ని చూసి మేం వేసుకుంటాం అన్నాడు. నేను పోతే వైవా తప్పుతుందని చూస్తున్నావా అన్నాను. తప్పదు, వేరే మేడమ్‌ను వేస్తారు అన్నాడు. నవ్వాను. నవ్వుతూనే వెళ్లి వేయించుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ కొంచెం భయం వేసింది.

దీనికి తోడు మా ఫార్మకాలజీ ప్రొఫెసర్ ఒకాయన. నాకు మంచి స్నేహితుడు, రోజూ కలిసి భోజనం చేసేవాళ్లం. మంచి హాస్యం ఉన్న మనిషి. కొత్త మందును మొదటి సంవత్సరం పక్కింటివాళ్లే వాడాలి అని క్లాసులో ఏళ్ల తరబడి ఒకే జోకు చెప్పేవాడు. పిల్లలు ఆయన పాఠాలన్నీ మరిచిపోయి ఆ ఒక్క మాట పట్టుకున్నారు. ఆయన కూడా వేసుకోలేదు. చూద్దాం లెండి మేడమ్ అనేవాడు. ఏప్రిల్లో ఆయనకు కరోనా వచ్చి, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుని నెలరోజులు మంచం మీద ఉన్నాడు. బతికాడు. ఆ తర్వాత ఆయన ఆ జోకు చెప్పలేదు. అసలు గొంతే సగమైపోయింది.

హాల్లో ఒక మూల గుడ్డ బ్యానర్ కట్టించాం, నేను టీకా వేసుకున్నాను అని పెద్ద అక్షరాలతో. దాని ముందు నిలబడి ఫోటో తీసుకుని ఫోనులో పెట్టుకోవాలని. వారం గడిచేసరికి ఆ బ్యానర్ పుణ్యమా అని కొంత కదలిక వచ్చింది. టీకా కంటే ఫోటో మీద మోజుతో వచ్చినవాళ్లే ఎక్కువ. వస్తే చాలనుకున్నాను.

నగరి ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చింది. స్నేహితులెవరూ వెంట లేరు. మాట్లాడకుండా వేయించుకుంది. నర్సు ఫోటోకు రమ్మంటే వద్దంది. ఏం, బ్యానర్ బాగాలేదా అని నేను అంటే, జుట్టు బాగాలేదు మేడమ్ అని నవ్వి వెళ్లిపోయింది. నెల తర్వాత రెండో డోసుకు కూడా అలాగే వచ్చి, అలాగే వెళ్లింది. సిగ్గరి పిల్ల అనుకున్నాను.

పరీక్షలు అయ్యాయి. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే రెండోసారి కరోనా విరుచుకుపడింది. హౌస్ సర్జన్లుగా చేరినవాళ్లను, వాళ్లలో నగరిని కూడా, చేరిన రోజునే కోవిడ్ వార్డుల్లోకి పంపారు. ఆ ఏప్రిల్, మే నెలల గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ చేయి ఆడదు. గోవిందా అని పిలుస్తూ కొండెక్కే జనంతో నిండి ఉండే ఊళ్లో వీధులన్నీ ఖాళీ అయి, మా ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం ఆటోలు, అంబులెన్సులు నిలిచి ఉండేవి. అప్పుడు మా పిల్లలు టీకా కోసం పరుగెత్తుకొచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో మా పిల్లలను చూసి తెలుసుకున్నాను. తిట్టాలని నోటిదాకా వచ్చేది. వాళ్ల ముఖాలు చూసి మింగేసేదాన్ని.

మే నెలలో ఒక ఉదయం నగరి వాళ్ల నాన్నను అంబులెన్సులో తెచ్చారు. నాకు ఫోను చేసింది తనే. పడక ఉందా మేడమ్ అని అడిగింది, రోగి ఎవరో చెప్పకుండా. పడక దొరికింది. ఆక్సిజన్ కూడా దొరికింది. ఆ రోజుల్లో ఆ రెండూ దొరకడమే అదృష్టం. కానీ ఆయన ఇంటి దగ్గర చాలా రోజులు ఓర్చుకుని వచ్చాడు. ఆమె తన వార్డులో డ్యూటీ ముగించుకుని, ఒంటినిండా ఆ తెల్ల తొడుగుతోనే వాళ్ల నాన్న వార్డుకు వెళ్లి కూర్చునేది. ముసుగులోంచి ఆయనకు కూతురి ముఖం కనిపించేది కాదు. గొంతు విని గుర్తుపట్టేవాడు. వారం తిరగకముందే, ఒక రోజు పొద్దున్నే, రౌండ్స్ జరుగుతుండగా పోయాడు. వాళ్లమ్మను ఊరి నుంచి రానివ్వలేదు. దహనం ఇక్కడే చేయించారు. కూతురు ఒక్కతే ఉంది.

పదిహేను రోజులయ్యాక డ్యూటీకి వచ్చింది. వచ్చి నేరుగా నా గదికి వచ్చి కూర్చుంది. కాఫీ తెప్పించాను. తాగలేదు. ఆ పిల్ల ఏడుస్తుందేమో, ఏం చెప్పాలో అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె ఏడవలేదు.

"ఆ పొద్దు ఫోటో వద్దన్నాను గదా మేడమ్. జుట్టు కోసరం కాదు. అమ్మ చూస్తాదని" అంది.

మెల్లగా అంతా చెప్పింది. టీకా మాట వినగానే వాళ్లమ్మ ఫోను చేసిందట. పెండ్లి కావాల్సిన ఆడపిల్లలు ఆ సూది వేసుకుంటే కడుపు పండదని వాళ్ల వీధిలో ఎవరో చెప్పారట. నువ్వు ఏసుకున్నావంటే నా మీద ఒట్టే అందట. ఒట్టు పెట్టుకునేదాకా ఫోను పెట్టలేదట. సరే అని ఒట్టు పెట్టుకుంది. వారం తిరక్కుండా వచ్చి వేసుకుంది. టీకా మీద ఆమెకు ఏ అనుమానమూ లేదు. ఒట్టు మీద కూడా నమ్మకం లేదు. కానీ వాళ్లమ్మకు ఉంది. చెప్తే తన ప్రాణం మీదికి వచ్చిందని ఆమె మంచం పట్టేస్తుంది. పరీక్షలు అయినాక నెమ్మదిగా చెబుదాంలే అనుకుంది.

ఏప్రిల్లో వాళ్ల నాన్న వయసువాళ్లకు టీకా మొదలైంది. ఆయన ఫోను చేసి, నువ్వు ఏసుకున్నావా పాపా, నువ్వు ఏసుకొనింటే నేనూ పోయి ఏసుకుంటా అని అడిగాడు. ఫోను స్పీకర్లో ఉంది, పక్కన అమ్మ గొంతు వినబడుతోంది.

"లే నాయనా అని చెప్పినాను మేడమ్. ఇంగా ఏసుకోలే, చూద్దాం అన్నాను. ఆ ఒక్క మాటే."

ఆ ఒక్క మాటను ఆయన వీధంతా మోశాడు. టీ అంగడి దగ్గర, మగ్గాల దగ్గర, ఇంటింటికీ వచ్చిన ఆశా కార్యకర్త దగ్గర. మా బిడ్డ డాక్టరు సదువుతాండాది, పెద్దాసుపత్రిలోనే ఉండాది, అదే ఏసుకోలే, ఏదో ఉంటాది, అది ఏసుకున్న రోజు నేనే మీకు చెప్తా అన్నాడట. గర్వంగా చెప్పి ఉంటాడు. ఆయన్ను ఎరిగినదాన్ని కాబట్టి ఆ ముఖం నాకు కనిపించింది.

నీ తప్పు కాదమ్మా అనాలి. అన్నాను కూడా. ఆమె వినిపించుకోలేదు. అమ్మకు చెప్పావా అని అడిగాను. ఎట్ల చెప్పేది మేడమ్, ఆమెకు ఇప్పుడు నేను తప్ప ఎవురూ లేరు అంది. కప్పు జరిపి లేచి వార్డుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు క్లాసులో, ఎవరి గురించీ చెప్పకుండా, టీకా వేసుకుని ఇంట్లో చెప్పనివాళ్లు ఎంతమంది అని అడిగాను. ఒక చేయి లేచింది. దాన్ని చూసి ఇంకోటి. చూస్తుండగానే సగం క్లాసు చేతులెత్తింది, ఆడపిల్లలు మరీ ఎక్కువ. అమ్మ ఒప్పుకోదని, అవ్వ ఏడుస్తుందని, చుట్టాలు మాట్లాడతారని. టీకా ఎలా తయారవుతుందో, ఎంత చల్లగా ఉంచాలో, ఏ కండలో వేయాలో అన్నీ చెప్పాను వీళ్లకు. ఇంటికి ఫోను చేసి, అమ్మా నేను వేసుకున్నాను అని ఎలా చెప్పాలో మా సిలబస్‌లో లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా పిల్లలు ఇంట్లో నోరు మూసుకుని, రచ్చలో పోస్టర్లు అంటించారు.

జూన్ చివర నగరి ఊరి చుట్టుపక్కల టీకా చాలా తక్కువగా పడుతోందని, నేతపనివాళ్ల వీధుల్లో శిబిరం పెట్టమని మాకు ఆదేశం వచ్చింది. ఒక నర్సును, ఇద్దరు హౌస్ సర్జన్లను తీసుకుని వెళ్లాలి. తానూ వస్తానని నగరి నా గదికి వచ్చి అడిగింది. వద్దన్నాను. ఆ వీధికే కదా వెళ్లేది, నీకెందుకు ఈ బాధ అన్నాను. ఆ వీధి కాబట్టే వస్తానంది. ఆమె మనసులో ఏముందో అడగలేదు. అడిగినా చెప్పేది కాదు.

భజన మందిరం అరుగు మీద బల్ల వేసుకున్నాం. ఐసు పెట్టెలో టీకాలు, పక్కన కుర్చీలు, పైన నీలం పందిరి గుడ్డ. వీధిలో కొన్ని ఇళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి, చాలా ఇళ్లలో ఆగి ఉన్నాయి. జనం రాలేదు. రాలేదంటే ఇళ్లలో లేరని కాదు. గుమ్మాల్లో నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. ఒక సీసా తెరిస్తే పదిమందికి సరిపోతుంది. తెరిచాక కొన్ని గంటల్లోపల వాడేయాలి, లేకపోతే పారేయాలి. అందుకని పదిమంది చేరాకే సీసా తెరవాలని పైనుంచి గట్టి మాట. ఒకరు ముందు వేసుకుంటే తప్ప పదిమంది రారు. పదిమంది వస్తే తప్ప మేము ఒకరికి వేయలేం. అలా పొద్దెక్కేదాకా కూర్చున్నాం. వచ్చింది ఇద్దరే, ఒకాయన రిటైరైన పోస్టుమాస్టరు, ఇంకొకరు ఆశా కార్యకర్త అత్తగారు.

నేనే లేచి వీధిలోకి వెళ్లాను. గుమ్మంలో దారం చుట్టుకుంటున్న ఒక పెద్దావిడను, ఎందుకమ్మా రావడం లేదని అడిగాను. ఆమె కోపంగా ఏమీ చెప్పలేదు, చాలా నెమ్మదిగా చెప్పింది.

"డాక్టరు సదివే బిడ్డే ఏసుకోలే తల్లీ. వాళ్ల నాయన ఉండంగా మాకు చెప్పినాడు. ఆయప్ప మా మంచికే చెప్పినాడు గదా. పోయినోళ్ల మాట దాటేదెట్లా?"

నగరి నా వెనక కొద్ది దూరంలోనే ఉంది. ఆ మాట విన్నది. నేను తిరిగి చూసేసరికి ఆమె వీధి మధ్యలోకి నడిచి నిలబడింది. క్లాసులో నోరెత్తని పిల్ల. మాస్కు కిందికి లాగింది. వాళ్లమ్మ నాలుగిళ్ల అవతల, ఎవరి అరుగు మీదో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. నేను ఆమెను చూడటం అదే మొదటిసారి. కూతురి పోలికలే.

"నేను ఏసుకున్నాను" అంది నగరి. మగ్గాల చప్పుడు దాటి వీధంతా వినబడేలా చెప్పింది. "పండగ పోయినంక ఒకటి, ఆ మరుసటి నెలలో ఒకటి. రెండూ ఏసుకున్నాను. నాకేం కాలే. నాయన అడిగితే ఏసుకోలేదని అబద్ధం చెప్పినాను. నాయన మీకు చెప్పింది నా అబద్ధమే. ఆయన మాట కాదు అది."

ఆడుతున్న మగ్గాలు కూడా ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. వాళ్లమ్మ అరుగు దిగింది. కూతురి వైపు రాలేదు. కూతురిని దాటుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది, నేనూ వెనకే వచ్చాను. వీధి వీధంతా గుమ్మాలు వదిలి దగ్గరికి జరిగింది. ఆమె నా ముఖంలోకి చూసి అడిగింది.

"మేడమ్, ఈ సూది ఏసుకొనింటే ఆయన బతికిండేవాడా?"

నా సబ్జెక్టంతా ఇలాంటి ప్రశ్నలకు జవాబులు చెప్పడానికే ఉంది. కానీ మేము చెప్పేది వేలమంది గురించి. ఒక్క మనిషి గురించి చెప్పమంటే మా దగ్గర జవాబు ఉండదు. ఏమో తల్లీ, వేసుకున్నవాళ్లలో కూడా కొందరు పోయారు అంటే అబద్ధం కాదు. ఆ తల్లికీ కూతురికీ ఆ మాట కొంత ఊరట. కానీ చుట్టూ నిలబడిన జనం ఆ ఒక్క మాట పట్టుకుని ఇళ్లకు పోతారు. బతికేవాడు అంటే జనం నిలబడతారు. ఆ పిల్ల మాత్రం ఇక జన్మలో తల్లి ముఖంలోకి చూడలేకపోతుంది. నోరు తెరిచాను. నేను చెప్పేలోపల నగరి నా పక్కకు వచ్చింది.

"బతికిండేవాడు మా" అంది.

ఉండొచ్చేమో అనలేదు. చాలావరకు అనలేదు. అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరని ఆమెకు తెలుసు, మొదటి మార్కు తెచ్చుకున్న పిల్ల. చుట్టూ ఉన్నవాళ్లందరినీ ఒకసారి చూసి, తల్లి వైపు తిరిగి అదే మాట ఇంకోసారి చెప్పింది.

వాళ్లమ్మ ఆమెను కొట్టలేదు, శపించలేదు. ఒట్టు సంగతి ఎత్తలేదు. ఎత్తకపోయినా అది ఆమె మనసులో మెదిలిందని ముఖం చూస్తే తెలిసింది. తల్లి లెక్కలో ఒట్టు తప్పినందుకు, కూతురి లెక్కలో నిజం దాచినందుకు, ఇద్దరి లెక్కలోనూ ఆయన పోవడానికి కారణం ఆ పిల్లే అయింది. ఆమె కుర్చీలో కూర్చుని, జాకెట్టు చేయి పైకి లాగింది. నర్సు నా వైపు చూసింది. పదిమంది లేరు మేడమ్ అన్నట్టు. తెరువు అన్నాను. సూది నర్సు వేయబోతే, నగరి చేయి చాచి అందుకుంది. తల్లి వద్దనలేదు. ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంది.

ఆ తర్వాత దారం చుడుతున్న పెద్దావిడ వచ్చింది. ఆవిడ వెనక ఇద్దరు మగవాళ్లు, ఇంకా నలుగురు. కాసేపటికి వరస కట్టించాల్సి వచ్చింది. ఆ రోజు మేము తీసుకెళ్లిన సీసాలన్నీ అయిపోయాయి. నా ఉద్యోగంలో అంత మంచి శిబిరం ఇంకోటి జరగలేదు. అంత బరువైన రోజు కూడా ఇంకోటి లేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి కొండ మీద దీపాలు చూస్తూ మేడ మీద కూర్చున్నాను.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ వరస గురించి కాదు. టీకా వేసుకున్నవాళ్లను అరగంటసేపు పక్కన కూర్చోబెట్టాలి. ఏదైనా తేడా వస్తుందేమో ఒక డాక్టరు దగ్గరుండి చూడాలి. అది ఆ రోజు నగరి పని. అలా తల్లి ఒక కుర్చీలో, కూతురు పక్క కుర్చీలో, ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నారు. ఒకటి రెండుసార్లు కూతురు తల్లి చేతిని చూసి, మళ్లీ ముఖం తిప్పుకుంది. నేను అవతల జనాన్ని చూసుకుంటున్నాను, కళ్లు మాత్రం ఇటే ఉన్నాయి. అరగంట అయ్యాక దగ్గరికి వెళ్లి, ఇంక ఇంటికి పోవచ్చమ్మా అన్నాను. తల్లి లేవలేదు. భుజం పట్టుకుని కూర్చుంది.

"నొప్పి ఎత్తుకుంటాండాది" అంది, ఎవరితోనో అన్నట్టు.

"ఎత్తుకుంటాది మా. ఈ రాత్రికి జొరం కూడా వస్తాది. మాత్ర ఇస్తాను" అంది కూతురు.

తల్లి అప్పుడు ముఖం ఇటు తిప్పింది.

"నీకూ వచ్చిందా?"

"వచ్చింది. రెండు దినాలు."

"హాస్టల్లోనా?" అంది తల్లి. కూతురు తలాడించింది. "ఒక్కదానివే పడుకోనుంటివా?"

వాళ్ల నాన్న పోయిన రోజున గానీ, నా గదిలో గానీ, ఆ వీధి మధ్యలో గానీ కన్నీరు పెట్టని పిల్ల, ఆ మాటకు తల వంచుకుని ఏడ్చింది. తల్లి ఆమెను ఊరుకోబెట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు. అక్కడి నుంచి లేచి కూడా పోలేదు. నేను వెనక్కి వచ్చి, వరసలో తర్వాతివాళ్లను పిలిచాను.